గల్ఫ్‌లో మన సాఫ్ట్‌వేర్ అమ్మాలంటే: లోకల్ పార్టనర్‌ను ఎంచుకోవడం నుంచి డబ్బు ఖాతాలో పడే దాకా

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పదిహేను ఇరవై మందితో ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేరో క్లినిక్ సాఫ్ట్‌వేరో తయారుచేసి, ఇక్కడ కొన్ని వందల మందికి అమ్మాక చాలామంది చూపు దుబాయ్ వైపు వెళ్తుంది. అక్కడ సొంత ఆఫీసు పెట్టే స్తోమత అప్పుడే ఉండదు కాబట్టి లోకల్ పార్టనర్ కావాలి. ఇక అందరూ మొట్టమొదట అడిగేది ఒకటే: "ఎంత కమిషన్ ఇవ్వాలి?"

దాని సంగతి తర్వాత. మీ సాఫ్ట్‌వేర్ ఒక కస్టమర్‌కి అమ్మితే ఖర్చులన్నీ పోను ఆ పార్టనర్ జేబులో ఎంత మిగులుతుందో మీరు కాగితం మీద వేసి చూపించగలిగితే కమిషన్ దానంతట అదే తేలుతుంది. అది చూపించలేకపోతే 50 శాతం ఇస్తామన్నా మీ బ్రోషర్‌ని సొరుగులో పడేసి తనకు అలవాటైన సరుకే అమ్ముకుంటాడు. కింద రాసిందంతా చిన్న, మధ్యతరహా కంపెనీలకు అమ్మే బిజినెస్ సాఫ్ట్‌వేర్ గురించే. బ్యాంకులకు, ప్రభుత్వ శాఖలకు అమ్మేవాళ్ల దారి వేరు.

1. "గల్ఫ్" అనుకోవద్దు, ఒక దేశం పేరు రాసుకోండి

యూఏఈ, సౌదీ రెండూ 2018 జనవరి 1న 5 శాతంతో వ్యాట్ మొదలుపెట్టాయి. సౌదీ 2020 జులైలో దాన్ని 15 శాతం చేసింది. బహ్రెయిన్‌లో 10, ఒమన్‌లో 5. అంటే పన్ను రేటు ఒక్కటే తీసుకున్నా మీ సాఫ్ట్‌వేర్ అన్నిచోట్లా ఒకేలా నడవదు.

సౌదీలో అసలు పరీక్ష ఈ-ఇన్‌వాయిసింగ్. అక్కడి పన్నుల శాఖ జట్కా (ZATCA) 2021 డిసెంబర్ 4న మొదటి దశ పెట్టింది. 2023 జనవరి నుంచి రెండో దశను కంపెనీల టర్నోవర్‌ను బట్టి విడతలుగా అమలు చేస్తూ వచ్చింది. రెండో దశలో మీ సాఫ్ట్‌వేర్ నేరుగా వాళ్ల ఫతూరా ప్లాట్‌ఫామ్‌తో మాట్లాడాలి. కంపెనీకి కంపెనీ ఇచ్చే ఇన్‌వాయిస్ అయితే అక్కడ ఆమోదం పొందాకే కస్టమర్ చేతికి వెళ్లాలి, మామూలు షాపు బిల్లు అయితే 24 గంటల్లోపు రిపోర్ట్ చేయాలి. ఇది చేయని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని రియాద్‌లో ఎంత మంచి పార్టనరైనా అమ్మలేడు.

కాబట్టి చిన్న కంపెనీకి నా సలహా: ముందు యూఏఈ. అక్కడ ఇంగ్లిష్‌తో పని నడుస్తుంది, మన అకౌంటెంట్లు ఎక్కువ, వెళ్లి రావడం తేలిక. సౌదీని ప్రత్యేకమైన ప్రాజెక్టుగా, ప్రత్యేకమైన బడ్జెట్‌తో తర్వాత పట్టుకోండి.

2. పార్టనర్‌ను వెతికే ముందు సాఫ్ట్‌వేర్‌ని సిద్ధం చేయండి

డెమోలో రూపాయి గుర్తు, జీఎస్టీఐఎన్ గడి, "స్టేట్: తెలంగాణ" అని కనిపిస్తే మీటింగ్ అక్కడితో అయిపోయినట్టే. ఎదుటివాడు మర్యాదగా టీ తాగించి పంపిస్తాడు, మళ్లీ ఫోన్ ఎత్తడు. దిర్హమ్స్‌తో, 15 అంకెల టీఆర్‌ఎన్‌తో (అక్కడి వ్యాట్ రిజిస్ట్రేషన్ నంబర్), దుబాయ్ దేరా బజారులోని ఒక హార్డ్‌వేర్ షాపులాంటి నమూనా కంపెనీతో డెమో డేటా వేరుగా తయారుచేయండి.

ఎక్కువమంది గమనించని చిక్కు దశాంశాల్లో ఉంది. మన కోడ్‌లో డబ్బంటే చుక్క తర్వాత రెండు అంకెలే. కువైట్ దీనార్, బహ్రెయిన్ దీనార్, ఒమన్ రియాల్ వెయ్యి భాగాలుగా ఉంటాయి, అంటే చుక్క తర్వాత మూడు అంకెలు. 12.345 దీనార్ల లైన్‌ని మీ సాఫ్ట్‌వేర్ 12.35గా గుండ్రం చేసిందనుకోండి, నలభై లైన్లున్న ఇన్‌వాయిస్ చివరికొచ్చేసరికి మొత్తం తేలదు. పార్టనర్ దాన్ని కస్టమర్ ముందు కనుక్కుంటే ఇక ఆ సాఫ్ట్‌వేర్‌ని మళ్లీ బయటికి తీయడు. దుబాయ్‌లో అమ్మినా కస్టమర్‌కి మస్కట్‌లో ఒక బ్రాంచి ఉండటం మామూలే, కాబట్టి ఇది మొదటిరోజే సరిచేయాల్సిన పని.

చెక్‌లిస్ట్:
- కరెన్సీ, దశాంశాలు, పన్ను రేట్లు కోడ్‌లో కాకుండా సెట్టింగ్స్‌లో ఉన్నాయా?
- అరబిక్ అక్షరాలు స్క్రీన్ మీదే కాక పీడీఎఫ్‌లో, థర్మల్ ప్రింటర్ బిల్లులో కూడా విడిపోకుండా, కుడి నుంచి ఎడమకు సరిగ్గా వస్తున్నాయా?
- వారాంతపు సెలవులు మార్చుకునే వీలుందా? యూఏఈలో 2022 నుంచి చాలా ఆఫీసులకు శని, ఆదివారాలు, సౌదీలో శుక్ర, శనివారాలు.
- డేటా ఎక్కడ ఉంటుందని అడిగితే ఒక్క వాక్యంలో జవాబు ఉందా? ఏడబ్ల్యూఎస్‌కి బహ్రెయిన్‌లో, యూఏఈలో రీజియన్లున్నాయి. "ముంబయిలో ఉంది" అంటే కొందరు ఊరుకుంటారు, ఆస్పత్రులు ఊరుకోవు.
- ఒక కొత్త మనిషి మీ సాయం లేకుండా సాఫ్ట్‌వేర్‌ని ఇన్‌స్టాల్ చేసి మొదటి బిల్లు కొట్టగలడా?

చివరిదాన్ని నిజంగా పరీక్షించండి. మీ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ ముఖం చూడని ఒక మనిషికి డాక్యుమెంట్ ఇచ్చి పక్కన కూర్చోండి, నోరు మాత్రం విప్పొద్దు. ఎక్కడ ఆగిపోతాడో పార్టనర్ మనిషి కూడా అక్కడే ఆగిపోతాడు.

3. ఎలాంటి పార్టనర్ కావాలో తేల్చుకోండి

మన ఊళ్లో టాలీ ఇచ్చి, అది నడవకపోతే స్కూటర్ మీద వచ్చి సరిచేసే పార్టనర్ తెలుసుగా, మీకు కావాల్సింది దాదాపు అతనే. పేర్లు రకరకాలుగా ఉన్నా మనుషులు మూడు రకాలు.

మొదటి రకం పేరు చెప్పి తప్పుకునేవాళ్లు, అంటే రిఫరల్. ఆడిట్ సంస్థలు, పార్ట్‌టైమ్ అకౌంటెంట్లు ఇలాంటివాళ్లు. వీళ్లకి మొదటి ఏడాది చందాలో కొంత శాతం చాలు, ఒక పేజీ ఒప్పందం చాలు.

రెండో రకం కొని అమ్మేవాళ్లు, రీసెల్లర్లు. కస్టమర్‌కి తమ పేరు మీద ఇన్‌వాయిస్ ఇచ్చి, మీకు డాలర్లలో కడతారు.

మూడో రకం ఇన్‌స్టాల్ చేసి, పాత డేటా ఎక్కించి, నేర్పి, రేపు ఫోన్ చేస్తే పలికేవాళ్లు. వెతకాల్సింది వీళ్లనే. రెండో, మూడో పని ఒకరే చేస్తే ఇంకా మేలు. మొత్తం దేశానికి డిస్ట్రిబ్యూటర్‌గా ఉంటానని, కింద పది మంది డీలర్లను పెడతానని చెప్పే పెద్దమనిషితో మాత్రం మొదట్లో మొదలుపెట్టొద్దు. మీ బ్రాండ్ అక్కడ ఎవరికీ తెలియనప్పుడు డీలర్లు ఎందుకు వస్తారు?

4. ఎక్కడ వెతకాలి, ఎలా వడపోయాలి

జైటెక్స్ లాంటి ఎగ్జిబిషన్లకు వెళ్లండి కానీ స్టాల్ పెట్టి కూర్చోవద్దు, మొదటిసారి విజిటర్‌గా తిరగండి. మీ కస్టమర్లు ఇప్పటికే ఎవరి దగ్గర ఏదో ఒకటి కొంటున్నారు కదా, ఆ అమ్మేవాళ్లే మీ పార్టనర్లు. షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అయితే బార్‌కోడ్ స్కానర్లు, క్యాష్ డ్రాయర్లు అమ్మేవాళ్లు. దుబాయ్‌లో బర్ దుబాయ్ ఖాలిద్ బిన్ వలీద్ రోడ్డు, రియాద్‌లో ఒలయా కంప్యూటర్ మార్కెట్ వైపు ఒక పూట నడిస్తే పది మందిని కలవొచ్చు. క్లినిక్ సాఫ్ట్‌వేర్ అయితే వైద్య పరికరాలు సరఫరా చేసేవాళ్లు.

మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి. కరీంనగర్ నుంచి, కోనసీమ నుంచి, కడప నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు లక్షల్లో ఉన్నారు, ఎవరో ఒక బావమరిది షార్జాలో ఉండనే ఉంటాడు. "మనవాడే కదా, పార్టనర్‌షిప్ ఇచ్చేద్దాం" అనిపిస్తుంది. పరిచయాలకు అతన్ని వాడుకోండి, పేరు చెప్పినందుకు డబ్బివ్వండి. కానీ ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో సాఫ్ట్‌వేర్ అమ్ముతానంటే కుదరదు. అతని వీసా, అతని లైసెన్స్ ఆ వ్యాపారానికి ఒప్పుకుంటాయో లేదో కూడా చూడాలి. పైగా రేపు పనిచేయకపోతే చుట్టాన్ని తీసేయడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

సంతకానికి ముందు చూడాల్సినవి:
- ట్రేడ్ లైసెన్స్ కాపీ. గడువు తేదీ, యాక్టివిటీ గడిలో ఏం రాసి ఉందో, ఫ్రీ జోన్ (వేరే నిబంధనలుండే ప్రత్యేక వ్యాపార ప్రాంతం) లైసెన్సా, మెయిన్‌ల్యాండా (మిగతా దేశం) అన్నది చదవండి.
- ఆఫీసుకు స్వయంగా వెళ్లండి. సేల్స్ వాళ్లు ఎంతమంది, ఇన్‌స్టాల్ చేసేవాళ్లు ఎంతమంది? రెండో లెక్క సున్నా అయితే వద్దు.
- ఇప్పటికే ఏయే సాఫ్ట్‌వేర్లు అమ్ముతున్నాడు? మీకు నేరుగా పోటీ ఉన్నది అందులో ఉంటే, మిమ్మల్ని బేరానికి పావుగా వాడుకుంటున్నాడేమో చూడండి.
- అతని పాత కస్టమర్లు ఇద్దరితో మాట్లాడండి. "రాత్రి బిల్లింగ్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేస్తారు?" అని అడగండి.

5. పార్టనర్ లెక్క మీరే వేయండి

ఉదాహరణకి ఏడాది చందా 6,000 దిర్హమ్స్ అనుకుందాం. మీరు 30 శాతం ఇస్తే అతనికి 1,800. ఇన్‌స్టాల్ చేసి, స్టాక్ ఎక్కించి, క్యాషియర్లకు నేర్పడానికి అతని మనిషికి ఐదు రోజులు పడుతుంది. జీతం, వీసా, పెట్రోల్ కలిపి ఆ మనిషి రోజుకు 400 పడతాడనుకుంటే 2,000. సేల్స్‌మన్ ఇన్సెంటివ్ ఇంకో 300. అంటే మీరు వెబ్‌సైట్‌లో గొప్పగా "ఇన్‌స్టలేషన్ ఉచితం" అని రాస్తే ప్రతి అమ్మకానికీ పార్టనర్‌కి 500 చేతి నుంచి పోతుంది.

అదే ఇన్‌స్టలేషన్‌కి 5,000 వసూలు చేసుకోనిస్తే ఖర్చులు పోను 4,500 మిగులుతుంది. రెండో ఏడాది రిన్యువల్‌లో మళ్లీ 1,800, దాని మీద సొంత ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఫీజు). ఇప్పుడు అతను సేల్స్‌మన్‌ని పిలిచి "ఇది అమ్మరా" అంటాడు.

చాలామంది రిన్యువల్ మీద మార్జిన్ ఇవ్వడానికి ఏడుస్తారు, "కస్టమర్ మనవాడైపోయాడుగా" అని. ఇవ్వండి. ఏటా వచ్చే ఆ డబ్బు కోసమే అతను కస్టమర్ ఫోన్ ఎత్తుతాడు. అయితే షరతు పెట్టండి: మొదటి స్థాయి సపోర్ట్ అతనిదైతే పూర్తి శాతం, మీ నెత్తిన పడితే సగం.

ధరలు డాలర్లలో పెట్టుకోవచ్చు, టెన్షన్ లేదు. దిర్హమ్ 3.6725కి, సౌదీ రియాల్ 3.75కి డాలర్‌తో కట్టేసి ఉన్నాయి కాబట్టి పార్టనర్‌కి మారకం రిస్క్ పెద్దగా ఉండదు.

6. ఒప్పందంలో ఏం ఉండాలి

మొదటి మాట: ఎక్స్‌క్లూజివ్ (అతను తప్ప ఇంకెవరూ అమ్మకూడదన్న హక్కు) ఇవ్వొద్దు. పట్టుబడితే ఒక్క ఎమిరేట్‌కో, ఒక్క రంగానికో, అదీ ఏడాదికి ఇన్ని అమ్మకాలన్న టార్గెట్‌తో ఇవ్వండి. టార్గెట్ తప్పితే దానంతటదే రద్దవ్వాలి. "మొత్తం జీసీసీకి (ఆరు గల్ఫ్ దేశాలకూ) మేమే" అన్న కాగితం మీద సంతకం పెట్టి, ఏడాదిపాటు ఒక్క అమ్మకం లేక, ఇంకొకరికి ఇవ్వలేక చేతులు కట్టుకు కూర్చున్న కంపెనీలను చూశాను.

రెండోది, యూఏఈ కమర్షియల్ ఏజెన్సీ చట్టం. ఆర్థిక మంత్రిత్వ శాఖ దగ్గర కమర్షియల్ ఏజెంట్‌గా రిజిస్టరైన వ్యక్తికి ఆ చట్టం గట్టి రక్షణ ఇస్తుంది. 1981 నాటి పాత చట్టం కింద అతన్ని వదిలించుకోవడం మహా కష్టంగా ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2022 నాటి 3వ నంబరు చట్టం గడువు ముగిశాక బయటపడే దారి ఇచ్చింది కానీ, నోటీసు, పరిహారం గొడవలు ఉంటాయి. మీది మామూలు నాన్-ఎక్స్‌క్లూజివ్ రీసెల్లర్ ఒప్పందమని, ఏజెన్సీగా రిజిస్టర్ చేయకూడదని స్పష్టంగా రాయించండి. అక్కడి లాయర్‌తో ఒకసారి చదివించండి, ఆ ఫీజు దండగ కాదు.

ఇంకా ఉండాల్సినవి:
- లీడ్ రిజిస్ట్రేషన్: పార్టనర్ ముందుగా పేరు నమోదు చేసిన కస్టమర్‌ని 90 రోజులు ఇంకెవరూ, మీరు కూడా, ముట్టుకోకూడదు.
- ట్రేడ్‌మార్క్, డొమైన్ మీ పేరు మీదే. దేశం పేరు తగిలించిన డొమైన్ అతను కొనుక్కోకముందే మీరు కొనండి.
- కస్టమర్ డేటా, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంటాయి?
- గొడవొస్తే ఎక్కడ? మెయిన్‌ల్యాండ్ కోర్టుల్లో వ్యవహారం అరబిక్‌లో నడుస్తుంది, అందుకే చాలామంది ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) రాసుకుంటారు. 2020 జనవరిలో భారత్ యూఏఈని గుర్తించిన దగ్గర్నుంచి అక్కడి కోర్టు డిక్రీని మన కోర్టులో అమలు చేయించవచ్చు. అంటే మీ మీద వచ్చిన డిక్రీ హైదరాబాద్ దాకా రాగలదు.

7. మొదటి మూడు అమ్మకాలు పక్కనుండి చేయించండి

సంతకాలయ్యాక ఫొటో లింక్డిన్‌లో పెట్టి, ఆర్డర్ల కోసం ఎదురుచూడటం ఈ వ్యవహారంలో అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు. ఆ వారమే అసలు పని మొదలవ్వాలి.

మొదటి కస్టమర్ దగ్గర డెమో మీరివ్వండి, పార్టనర్ మనిషి చూస్తాడు. రెండో దగ్గర అతనిస్తాడు, మీరు పక్కన కూర్చోండి. మూడో దగ్గర మీరు ఆన్‌లైన్‌లో ఉండండి చాలు. ఇన్‌స్టలేషన్ కూడా ఇదే వరసలో. మొదటిదానికి మీ మనిషిని అక్కడికి పంపండి, ఆ టికెట్ ఖర్చుకు వెనకాడొద్దు. ఓనర్‌కి కాదు, అమ్మే కుర్రాడికి, ఇన్‌స్టాల్ చేసే కుర్రాడికి ట్రైనింగ్ ఇవ్వండి. గల్ఫ్‌లో మనుషులు ఉద్యోగాలు మారుతూనే ఉంటారు కాబట్టి ప్రతి ట్రైనింగ్‌నీ రికార్డ్ చేసి పెట్టుకోండి.

సపోర్ట్ వేళలు ముందే సరిచూసుకోండి. దుబాయ్ మనకంటే గంటన్నర, రియాద్ రెండున్నర గంటలు వెనక. రియాద్‌లో సాయంత్రం ఆరంటే మనకు ఎనిమిదిన్నర. సౌదీలో ఆదివారం వారానికి మొదటి పనిరోజు, మీ ఆఫీసు ఆ రోజు మూసుంటే వారం మొత్తంలో ఎక్కువ ఫిర్యాదులొచ్చే రోజునే ఎవరూ పలకరు. ఇంకో చిన్న విషయం: యూఏఈలో వాట్సాప్ మెసేజీలు, వాయిస్ నోట్లు నడుస్తాయి కానీ కాల్స్‌ను నమ్ముకోలేం, మామూలుగా బ్లాక్ చేసి ఉంటాయి. "వాట్సాప్ కాల్ చేయండి చూసుకుంటాం" అన్న సపోర్ట్ ప్లాన్ అక్కడ చెల్లదు. జూమ్ లేదా టీమ్స్ పెట్టుకోండి.

లాంచ్ తేదీ కూడా చూసుకోండి. రంజాన్ నెలలో పనిగంటలు తక్కువ, జులై, ఆగస్టుల్లో నిర్ణయం తీసుకునేవాళ్లు ఊళ్లో ఉండరు. సెప్టెంబర్ నుంచి మొదలుపెడితే ఊపు దొరుకుతుంది.

8. డబ్బు, పన్నులు

- ప్రతి ఆర్థిక సంవత్సరం మొదట్లో జీఎస్టీ ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) వేయండి. లేకపోతే ఎగుమతికి ఐజీఎస్టీ కట్టి, రీఫండ్ కోసం తిరగాలి.
- సాఫ్టెక్స్ (సాఫ్ట్‌వేర్ ఎగుమతి ఫారం) ఫైలింగ్, పర్పస్ కోడ్ (డబ్బు ఎందుకొచ్చిందో బ్యాంకుకు చెప్పే కోడ్) గురించి మొదటి ఇన్‌వాయిస్‌కి ముందే సీఏతో, బ్యాంకు ఫారెక్స్ డెస్క్‌తో మాట్లాడండి. డబ్బొచ్చాక మాట్లాడితే అది దారిలో ఆగుతుంది.
- యూఏఈలో విత్‌హోల్డింగ్ (మీకు కట్టే డబ్బులోంచి ముందే కోసే పన్ను) రేటు ప్రస్తుతం సున్నా. సౌదీలో రాయల్టీగా చూస్తే 15 శాతం కోస్తారు, భారత్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం 10. దానికి మన ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ కావాలి. కోత ఎవరు భరించాలో కోటేషన్‌లోనే రాయండి.
- గల్ఫ్ వ్యాపారంలో పీడీసీలు (ముందు తేదీ వేసిన చెక్కులు), అరవై తొంభై రోజుల అప్పు మామూలే. పార్టనర్ తన కస్టమర్‌కి అప్పిచ్చుకోవచ్చు, మీకు మాత్రం లైసెన్స్ కీ ఇచ్చేముందే డబ్బు రావాలి. మొదటి డీల్‌లో ఈ పద్ధతి సడలిస్తే ఇక ఎప్పటికీ అంతే.

9. ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

అమ్మకాలు లేవు, కానీ పార్టనర్ ఫోన్‌లో ఉత్సాహంగా మాట్లాడతాడు: మార్కెటింగ్ డబ్బు అడగనివ్వండి, ఇవ్వకండి. ముందు ఐదు పేర్లు అడగండి, కంపెనీ పేరు, కలిసిన మనిషి, తర్వాతి తేదీ. పేర్లు లేకపోతే పని జరగడం లేదు.

కస్టమర్ మీ వెబ్‌సైట్‌లో తక్కువ ధర చూసి పార్టనర్‌ని నిలదీశాడు: ఆ దేశం నుంచి చూసేవాళ్లకు పార్టనర్ ధరే కనిపించేలా పెట్టండి, లేదా ధర తీసేసి ఫోన్ నంబర్ పెట్టండి.

పార్టనర్ లేని ఫీచర్‌ని ఉందని చెప్పి అమ్మాడు: ఈ గొడవ కచ్చితంగా వస్తుంది. ఏమేం చేయదో చెప్పే ఒక పేజీ తయారుచేసి, ప్రతి కోటేషన్ వెనకా జోడించమనండి. ఒప్పుకున్న మార్పు చేసిపెట్టాల్సి వస్తే దాని ఖర్చులో సగం పార్టనర్ మార్జిన్ నుంచి.

సపోర్ట్ అంతా మీకే వస్తోంది: టికెట్లను పార్టనర్ వారీగా లెక్కపెట్టి నెలాఖరున పంపండి. గొంతు పెంచకండి, 5వ అంశంలోని "సగం శాతం" షరతు ఉండనే ఉంది.

10. విడిపోవాల్సి వస్తే

రెండు వరస త్రైమాసికాలు టార్గెట్‌లో సగం కూడా రాకపోతే మొహమాటపడొద్దు. కానీ నోటీసు పంపేముందు ఈ వరస పాటించండి:

- వచ్చే ఆరు నెలల్లో రిన్యువల్‌కి వచ్చే కస్టమర్ల జాబితా తీయండి.
- ప్రతి కస్టమర్ అడ్మిన్ లాగిన్ మీ దగ్గర పనిచేస్తోందో చూడండి, బ్యాకప్ తీయండి.
- బాకీలు, పార్టనర్‌కి మీరివ్వాల్సిన మార్జిన్ రెండూ తేల్చి స్టేట్‌మెంట్ పంపి, ఒప్పుకుంటున్నట్టు మెయిల్ తీసుకోండి.
- ఆ కస్టమర్లకు సపోర్ట్ ఇచ్చే రెండో పార్టనర్‌తో ముందే మాట తీసుకోండి.
- తర్వాతే నోటీసు, ఒప్పందంలో ఉన్న అడ్రసుకి, కొరియర్‌లోనూ మెయిల్‌లోనూ.

పాత పార్టనర్‌కి అప్పటికే నమోదైన లీడ్‌ల మీద 90 రోజుల మార్జిన్ ఇచ్చేయండి. ఆ మార్కెట్‌లో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే, మీరు ఎగ్గొట్టిన మాట కొత్త పార్టనర్ చెవిన అదే వారం పడుతుంది.